పుస్తకం మూసి రాసేదే సారాంశం

రామాయణం మొత్తాన్ని మూడు ముక్కల్లో చెప్పమంటే తెలుగువాళ్లు "కట్టె, కొట్టె, తెచ్చె" అంటారు. వారధి కట్టాడు, రావణుణ్ని కొట్టాడు, సీతను తెచ్చాడు. కథ తెలిసినవాళ్లకు ఇది చక్కగా సరిపోతుంది. తెలియనివాళ్లకు మాత్రం ఒక్క ముక్కా అర్థం కాదు. ఎవరు కట్టారు, దేన్ని కట్టారు, ఎందుకు కొట్టాల్సి వచ్చింది, తెచ్చింది ఎవరిని? హైస్కూల్ ఇంగ్లిష్ క్లాసులో సారాంశం రాసే పిల్లలకు ఎదురయ్యే చిక్కు కూడా ఇదే. ఎంత కుదించాలన్నది తర్వాతి సంగతి, ముందు ఎవరి కోసం కుదిస్తున్నామో తేలాలి. పాఠం చదవని మనిషికి కూడా విషయం అందేలా ఉంటేనే అది సారాంశం. పాఠం చదివినవాళ్లకే అర్థమయ్యేది గుర్తు కోసం రాసుకున్న చీటీ మాత్రమే.

పరీక్షల్లో దీని అవసరం చాలామంది అనుకునేదానికన్నా ఎక్కువ. సీబీఎస్‌ఈ 11వ తరగతి ఇంగ్లిష్‌లో నోట్ మేకింగ్, దాని వెంటే సమ్మరీ ఉంటాయి. ఐసీఎస్‌ఈ పదో తరగతి పేపర్లో ప్యాసేజీ ఇచ్చి, పదాల పరిమితి పెట్టి కుదించమంటారు. యూపీఎస్సీ సివిల్స్ మెయిన్స్‌లో అర్హత కోసం రాసే ఇంగ్లిష్ పేపర్లోనూ, తెలుగు వంటి భారతీయ భాషల పేపర్లోనూ సంక్షిప్తీకరణ ప్రశ్న ఉంటుంది. ఇచ్చిన భాగాన్ని మూడో వంతుకు తగ్గించాలి. ఇంటర్ దాటి, డిగ్రీ దాటి, కోచింగ్ సెంటర్లో కూర్చున్నాక ఈ ప్రశ్న దగ్గర తడబడేవాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. ఎనిమిదో తరగతిలో నేర్చుకోవాల్సింది అప్పుడు నేర్చుకోలేదు, అంతే.

అప్పుడు నేర్చుకోకపోవడానికి కారణం వెతకడానికి దూరం వెళ్లనక్కర్లేదు. పాఠం మొదలయ్యేలోపే గైడు కొనేస్తారు. అందులో ప్రతి పాఠానికీ ఇంగ్లిష్‌లో ఒక సమ్మరీ, పక్కనే తెలుగులో సారాంశం సిద్ధంగా ఉంటాయి. దాన్ని నోట్‌బుక్‌లోకి ఎక్కించి బట్టీ పట్టడం పిల్లల వంతు. తెలుగు క్లాసులో పద్యానికి భావం రాసే అలవాటు ఆరో తరగతి నుంచే ఉంటుంది. ప్రతిపదార్థం చెప్పుకుని, అన్వయం చూసుకుని, ఆ తర్వాత సొంత మాటల్లో భావం రాయడం సారాంశం రాయడానికి ఎంతో మంచి తయారీ. కానీ ఆ భావాన్ని కూడా గైడులోంచే దించుకున్నప్పుడు, అక్కడ నేర్చుకున్నది ఇంగ్లిష్ క్లాసుకు వచ్చే దారి మూసుకుపోతుంది. గైడులో ఉన్న సారాంశం తప్పని కాదు. అది ఇంకొకరు పాఠం చదివి, ఏది ముఖ్యమో తేల్చుకుని రాసింది. తేల్చుకునే ఆ పనిలోనే చదువు ఉంది. ఆ పని ఇంకొకరు చేసేశాక పిల్లలకు మిగిలేది చేతిరాత ఒక్కటే.

గైడు లేకుండా రాయమన్నా చాలామంది ఒకే దారి పడతారు. పాఠంలో మొదటి వాక్యం, మధ్యలోంచి రెండు వాక్యాలు, చివరి వాక్యం ఎత్తి వరుసగా రాస్తారు. ఇది మన పిల్లలకే ఉన్న అలవాటు కాదు. అమెరికాలో ఆన్ బ్రౌన్, జీన్ డే అనే ఇద్దరు పరిశోధకులు ఐదో తరగతి నుంచి కాలేజీ వరకు విద్యార్థుల చేత సారాంశాలు రాయించి 1983లో ఒక అధ్యయనం ప్రచురించారు. చిన్న తరగతుల పిల్లలు చేసింది సరిగ్గా ఇదే. వాక్యాలు ఒక్కొక్కటే చదువుతూ, ఇది ఉంచాలా తీసేయాలా అని చూసుకుంటూ, ఉంచాలనుకున్నదాన్ని ఉన్నది ఉన్నట్టు దించేశారు. అనవసరమైనవి తీసేయడం అందరికీ వచ్చింది. విడివిడి విషయాలను ఒక పెద్ద మాట కిందికి తేవడం వయసుతో పాటు మెరుగైంది. పేరాలో ఎక్కడా రాసి లేని ముఖ్య వాక్యాన్ని సొంతంగా తయారు చేయడం అన్నిటికన్నా కష్టమైంది, పెద్దవాళ్లకు కూడా.

విడివిడి విషయాలను ఒక పెద్ద మాట కిందికి తేవడం మన ఇళ్లలో రోజూ జరిగేదే. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిర్చి విడివిడిగా చెప్పకుండా "పోపు దినుసులు" అంటాం. దుక్కి దున్నారు, నారు పోశారు, నాట్లు వేశారు, కలుపు తీశారు అనడానికి బదులు "సాగు చేశారు" అంటే సరిపోతుంది. మొదటిది వస్తువులను కలిపే మాట, రెండోది పనులను కలిపే మాట. ఇంగ్లిష్ సమ్మరీలో చేయాల్సింది కూడా ఇదే. పిల్లలకు తెలివి తక్కువై చేయలేకపోవడం లేదు. పోపు దినుసులకు సరిపోయే ఇంగ్లిష్ మాట తెలియక ఆగిపోతున్నారు. అందుకని సమ్మరీ చెప్పే టీచర్ ముందుగా చేయించాల్సింది ఇలాంటి పెద్ద మాటల అభ్యాసం. గొడుగు, రెయిన్‌కోటు, టోపీ అని నాలుగైదు పేర్లు ఇచ్చి ఒక్క మాట చెప్పమనడం పది నిమిషాల పని. దాని ఫలితం సంవత్సరమంతా కనిపిస్తుంది.

ఒక చిన్న పేరా మీద ఇదంతా చేసి చూస్తే స్పష్టంగా ఉంటుంది. ఇంగ్లిష్ పాఠంలో ఈ విషయం ఉందనుకోవాలి:

"పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో గోదావరి జిల్లా ప్రజలు ఎన్నో కష్టాలు పడ్డారు. నది నిండుగా పారుతున్నా నీళ్లు పొలాలకు ఎక్కేవి కావు. వానలు పడకపోతే కరువు, ఎక్కువ పడితే వరద. 1830లలో కరువు, 1839లో తుపాను ఆ ప్రాంతాన్ని దెబ్బతీశాయి. ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాలని ప్రతిపాదించాడు. పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట లేచింది. కాలువల్లో నీళ్లు పారాయి. వరి, చెరకు, అరటి, కొబ్బరి పండాయి. నేటికీ అక్కడి ఊళ్లలో కాటన్ విగ్రహాలు కనిపిస్తాయి."

ఎత్తి రాసే పద్ధతిలో సారాంశం ఇలా వస్తుంది: "గోదావరి జిల్లా ప్రజలు ఎన్నో కష్టాలు పడ్డారు. ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టాలని ప్రతిపాదించాడు. నేటికీ అక్కడి ఊళ్లలో కాటన్ విగ్రహాలు కనిపిస్తాయి." మూడు వాక్యాల్లో తప్పు ఒక్కటీ లేదు. కానీ కష్టాలకూ ఆనకట్టకూ, ఆనకట్టకూ విగ్రహాలకూ సంబంధం ఏమిటో ఎక్కడా లేదు. ఆనకట్ట నిజంగా కట్టారా లేదా అన్నది కూడా తెలియదు. పేరాను అర్థం చేసుకుని రాస్తే ఇలా ఉంటుంది: "నది పక్కనే ఉన్నా కరువుకూ వరదకూ నలిగిపోయిన గోదావరి ప్రాంతం, 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీళ్లతో పంటలు పండే నేలగా మారింది. ఆ కృతజ్ఞతతోనే అక్కడివాళ్లు ఆయన విగ్రహాలు నిలబెట్టుకున్నారు."

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. నాలుగు పంటలూ "పంటలు" అయ్యాయి, నాలుగు భాగాల పేర్లూ పోయాయి. "కృతజ్ఞతతోనే" అన్న మాట పేరాలో లేదు, రెండు వాక్యాల మధ్య ఉన్న బంధాన్ని చూసి రాసిన మాట అది. ఇంతవరకు రాయడానికి సారాంశంలో చోటుంది, ఇంకో అడుగు ముందుకేసి "కాటన్ గొప్ప మానవతావాది" అని రాయడానికి లేదు. పేరా ఆ మాట అనలేదు, అనిపించనూ లేదు. ఇక 1847 ఉంచాలా, తీసేయాలా? సోషల్ పరీక్షకు చదువుకుంటున్నప్పుడు రెండు సంవత్సరాలూ ఉంచుకోవడం మంచిది. ఇంగ్లిష్ పేపర్లో 40 పదాల్లో రాయమంటే పూర్తయిన సంవత్సరం చాలు. ముఖ్యం అనేది పాఠంలో గట్టిగా అతికించి ఉండదు, దేనికోసం చదువుతున్నామో దాన్ని బట్టి మారుతుంది. చాలా క్లాసుల్లో ఈ సంగతి చెప్పకుండానే "ముఖ్యమైన పాయింట్లు అండర్‌లైన్ చేయండి" అంటారు. దాంతో పేజీలో సగం గీతలతో నిండిపోతుంది.

తెలుగులో చదివి పెరిగిన పిల్లలు ఇంగ్లిష్‌లో సారాంశం రాసేటప్పుడు నేరుగా ఇంగ్లిష్‌లోకి దూకకూడదు. చాలా స్కూళ్లలో దీనికి ఒప్పుకోరు. ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగు వినిపిస్తే తప్పన్నట్టు చూస్తారు. అయినా ఇది గట్టిగా చెప్పాల్సిన విషయం. ఇంగ్లిష్ మాటలు చాలక పాఠంలో ఉన్న మాటల్నే పట్టుకుని వేలాడటాన్ని కాపీ అంటున్నాం కానీ, ఆ పిల్లల దగ్గర అప్పటికి ఉన్న ఒకే ఆధారం అదే. పాఠం చదివాక పుస్తకం మూసి, పక్కన కూర్చున్నవాళ్లకు ఒక్క నిమిషంలో తెలుగులో చెప్పమంటే పరిస్థితి మారిపోతుంది. "ఇదంతా ఏం లేదురా, నీళ్లున్నా పంట లేదు, ఈయన ఆనకట్ట కట్టాడు, పంట వచ్చింది, అందుకని విగ్రహాలు పెట్టారు" అని నోటికి వచ్చేస్తుంది. ఏది ముఖ్యమో ఆ నిమిషంలోనే తేలిపోతుంది. ఇక మిగిలేది ఆ నాలుగు ముక్కలకు ఇంగ్లిష్ వెతుక్కోవడం. అర్థం చేసుకోవడం, ఇంగ్లిష్‌లో చెప్పడం అనే రెండు కష్టాలు ఒకేసారి మీద పడినప్పుడు వచ్చే టెన్షన్ ఇలా రెండుగా విడిపోతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ స్కూళ్లకు ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదుటి పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. సైన్స్, సోషల్ పాఠాల్లో ఇవి ఈ పనికి బాగా ఉపయోగపడతాయి. ఇంగ్లిష్ పేజీ మాత్రమే చదివి, పుస్తకం మూసి నాలుగు వాక్యాలు రాసుకుని, ఆ తర్వాత తెలుగు పేజీ తెరిచి అర్థం సరిగ్గా పట్టుకున్నామా అని చూసుకోవచ్చు. తెలుగు పేజీ ముందే చదివేస్తే ఇంగ్లిష్ పేజీ అలంకారంగా మిగిలిపోతుంది.

తెలుగు నుంచి వచ్చేటప్పుడు కొన్ని చోట్ల కాలు జారుతుంది. అందులో పెద్దది సంభాషణ. కథ పాఠంలో సగం మాటలు పాత్రలు మాట్లాడుకునేవే. తెలుగులో "రేపు రానని రవి చెప్పాడు" అంటాం. "రాను" అన్న క్రియలో "నేను" దాగి ఉంది, "అని" చేర్చగానే వాక్యం తేలిగ్గా అతుక్కుంటుంది, ఎవరూ తికమకపడరు. ఇదే అలవాటుతో ఇంగ్లిష్‌లో "హి సెడ్ దట్ ఐ విల్ నాట్ కమ్" అని రాస్తారు. చదివేవాళ్లకు రాననేది రవి కాదు, రాస్తున్న విద్యార్థి అన్నట్టు అర్థమవుతుంది. గ్రామర్ క్లాసులో డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ అని నెల రోజులు చెప్పిన సూత్రాలన్నీ సమ్మరీ దగ్గరకు వచ్చేసరికి ఎగిరిపోతాయి. నిజానికి సారాంశంలో "సెడ్ దట్" అవసరం చాలా తక్కువ. మాటల వెనుక ఉన్న పనిని పట్టుకుంటే చాలు. రాను అన్నాడంటే "రిఫ్యూజెస్". సరే అన్నాడంటే "అగ్రీస్". జాగ్రత్త అన్నాడంటే "వార్న్స్". పేజీ నిండా సాగిన వాదనంతా ఒప్పుకోవడమో, నిరాకరించడమో, బతిమాలడమో అయి ఒక్క క్రియలోకి వచ్చేస్తుంది. ఇలాంటి క్రియలు ఒక పాతిక నేర్పిస్తే కథల సారాంశం సగం వచ్చేసినట్టే.

మరొకటి వాక్యాల అతుకు. పాఠం గురించి నోటితో చెప్పేటప్పుడు తెలుగు పిల్లలు "లేచి, ముఖం కడుక్కుని, అన్నం తిని, బడికి వెళ్లాడు" అని నాలుగు పనులను ఒక్క వాక్యంలో సునాయాసంగా అల్లేస్తారు. ఇంగ్లిష్‌లోకి రాగానే అదే పిల్లలు "అండ్ దెన్, అండ్ దెన్" అంటూ ముక్కలు పేర్చుకుంటూ పోతారు. తెలుగులో "తిని" అన్నదానికి ఇంగ్లిష్‌లో "ఆఫ్టర్ ఈటింగ్" ఉందని ఒకసారి చూపిస్తే, తమకు తెలిసిన పద్ధతే అక్కడా ఉందని వాళ్లకు ధైర్యం వస్తుంది. కారణం చెప్పాల్సిన చోట "బికాజ్", ఎదురు చెప్పాల్సిన చోట "ఆల్దో", ఫలితం చెప్పాల్సిన చోట "సో". సారాంశానికి ఈ మూడూ ఎముకల్లాంటివి. గోదావరి పేరాకు రాసిన మొదటి సారాంశంలో లోపించినవీ ఇవే.

కాలం గురించి టీచర్ల మధ్యే ఏకాభిప్రాయం కనిపించదు. కథ సారాంశాన్ని వర్తమాన కాలంలో రాయడం ఇంగ్లిష్‌లో స్థిరపడిన పద్ధతి. జీవిత చరిత్ర, చరిత్ర పాఠాలకు భూతకాలం సహజం. ఏది ఎంచుకున్నా మొదటి వాక్యం నుంచి చివరి దాకా అదే నిలబడాలి. మూడో వాక్యంలో మారిపోతే మార్కులు పోతాయి. "ఐ థింక్" అనేది సారాంశంలో ఎక్కడా రాకూడదు.

సొంత మాటల్లో రాయాలన్న నియమాన్ని కూడా అతిగా పట్టుకుంటే చెడుతుంది. ప్రతి మాటకూ డిక్షనరీలో ఇంకో మాట వెతికి పెట్టే పిల్లలు ఉన్నారు. "ఫోటోసింథసిస్"కు, "డెమోక్రసీ"కి, "ఆనకట్ట"కు బదులు మాటలు వెతకనక్కర్లేదు. అవి ఆ విషయానికి పేర్లు, వాటిని అలాగే ఉంచాలి. మారాల్సింది వాక్యం నడక. మాటలన్నీ మార్చి వాక్యాన్ని అలాగే ఉంచితే కాపీ కొట్టినట్టే లెక్క. రెండు మూడు మాటలు అవే ఉన్నా వాక్యాన్ని కొత్తగా కట్టుకుంటే అది సొంత రాత.

సారాంశం రాస్తే పాఠం గుర్తుంటుందా అన్న ప్రశ్నకు పరిశోధనలు ఇచ్చిన జవాబు కొంచెం ఇబ్బంది పెట్టేదే. జాన్ డన్‌లాస్కీ, మరో నలుగురు పరిశోధకులు పది చదువు పద్ధతులను పరిశీలించి 2013లో ప్రచురించిన సమీక్షలో సారాంశం రాయడానికి తక్కువ ఉపయోగం అన్న ముద్ర పడింది. హైలైటర్‌తో గీయడం, మళ్లీ మళ్లీ చదవడం కూడా అదే వరుసలో ఉన్నాయి. తమను తాము పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద పరచుకోవడం పై స్థానంలో నిలిచాయి. ఇది చూసి సారాంశం దండగ అనుకుంటే పొరపాటు. ఆ ముద్రకు చెప్పిన ముఖ్య కారణం, చాలామంది విద్యార్థులకు సారాంశం రాయడం రాదు, ముందు నేర్పాలి అని. సరిగ్గా రాయడం వచ్చినవాళ్లకు దాని వల్ల మేలు జరుగుతుంది. రాయగలిగే నైపుణ్యం పెంచడంలోనైతే లెక్క వేరుగా ఉంది. స్టీవ్ గ్రాహం, డోలోరెస్ పెరిన్ నాలుగో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు రాత నేర్పడంపై జరిగిన పరిశోధనలను 2007లో ఒకచోట చేర్చినప్పుడు, సారాంశం రాయడం నేర్పడం బాగా పనిచేసిన పద్ధతుల్లో ముందు వరుసలో వచ్చింది.

ఈ రెండింటినీ కలిపి చూస్తే, పాఠం ముందు పెట్టుకుని రాసే సారాంశానికీ పుస్తకం మూసి రాసే సారాంశానికీ ఉన్న తేడా తెలుస్తుంది. పుస్తకం తెరిచి ఉంటే చెయ్యి పని చేస్తుంది, కళ్లు పని చేస్తాయి, జ్ఞాపకానికి పనేమీ ఉండదు. మూసి రాస్తే ప్రతి వాక్యమూ ఒక చిన్న పరీక్ష అవుతుంది. ఎక్కడ ఆగిపోయారో అక్కడే పాఠం అర్థం కాలేదని తెలిసిపోతుంది. అప్పుడు పుస్తకం తెరిచి, ఆ పేరా ఒక్కటి చదివి, మళ్లీ మూసి రాయాలి. మొదట్లో ఇది చాలా కష్టంగా ఉంటుంది, నాలుగు వాక్యాలకు అరగంట పట్టవచ్చు. గైడులోంచి దించుకుంటే ఐదు నిమిషాలే. ఈ అరగంటను తల్లిదండ్రులు, టీచర్లు ఓపికతో భరించాలి.

యాభై మంది ఉన్న క్లాసులో ఇవన్నీ ఎవరు దిద్దుతారన్నది న్యాయమైన ప్రశ్న. అన్నీ టీచరే దిద్దాల్సిన పనిలేదు. క్లాసును రెండుగా చేసి, సగం మందికి ఒక పేరా, మిగతా సగానికి ఇంకో పేరా ఇచ్చి రాయించి, నోట్‌బుక్‌లు మార్చుకోమనవచ్చు. ఆ పేరా చదవని పిల్లలు దాని సారాంశం చదివి, అర్థం కాని చోట ప్రశ్న గుర్తు పెడతారు. "వాడు" అని రాశావు, ఎవరు వాడు? "అది" అన్నావు, ఏది? పక్కనున్న స్నేహితులు అడిగే ఈ ప్రశ్నలు ఎర్ర ఇంకు దిద్దుబాటు కన్నా లోతుగా దిగుతాయి. టీచర్ రోజుకు ఐదు పుస్తకాలు చూస్తే సరిపోతుంది. చూసేటప్పుడు స్పెల్లింగ్ దగ్గర ఆగిపోకుండా, విషయం అందిందా, లేనిది చేర్చారా, అతుకు ఉందా అన్నవి ముందు చూడాలి.

ఇప్పుడు ఫోన్‌లో పేరా పెడితే క్షణంలో సమ్మరీ వచ్చేస్తోంది. గైడుకు ఉన్న లోపమే దీనికీ ఉంది, పైగా ఇది ఉచితం, ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది. దీన్ని పూర్తిగా వద్దనడం కన్నా వరుస మార్చడం మేలు. ముందు పుస్తకం మూసి సొంతంగా రాసుకోవాలి. ఆ తర్వాత ఫోన్ ఇచ్చినదాన్ని పక్కన పెట్టి, తాను వదిలేసింది ఏమిటి, ఫోన్ వదిలేసింది ఏమిటి, పాఠంలో లేని మాట ఏదైనా వచ్చి చేరిందా అని పోల్చుకోవచ్చు. ఫోన్ చెప్పిందే సరైనదని తేలాల్సిన అవసరమూ లేదు.

పరీక్షల ముందు రోజుల్లో ఇలా రాసిపెట్టుకున్న నోట్‌బుక్ ఇంకో రకంగా పనికొస్తుంది. సారాంశాన్ని చదువుకుంటూ పోకుండా, నాలుగు వాక్యాల్లో ఒక్కొక్కదాన్ని తీసుకుని దాని వెనుక పాఠంలో ఇంకా ఏమేం ఉందో నోటితో చెప్పుకోవాలి. "ఆనకట్ట పూర్తయ్యాక" అన్న రెండు మాటల దగ్గర ఆగి, ఎప్పుడు మొదలైంది, ఎన్ని భాగాలు, ఏయే ఊళ్లు అని విప్పుకుంటూ పోవాలి. కుదించేటప్పుడు తీసేసిన పేర్లు, తేదీలు అప్పుడు ఒక్కొక్కటిగా తిరిగి వస్తాయి. ర్యాలి, విజ్జేశ్వరం గుర్తొచ్చి మద్దూరు గుర్తు రాకపోతే, పాఠమంతా మళ్లీ చదవనక్కర్లేదు, ఆ పేరా ఒక్కటి తెరిచి చూసుకుంటే చాలు.